17 సీట్లలో 12 గెలిచి కూడా పోహివా ప్రధాని కాలేదేం? టోంగా లెక్క విడమర్చండి

గోదారిగట్టు
పసిఫిక్ సముద్రంలోని దీవుల రాజ్యం టోంగా గురించి ఎక్కడ చదివినా ఒకటే పాట: 2010లో ప్రజాస్వామ్యం వచ్చింది, దానికి ఆద్యుడు అకిలిసి పోహివా. సరే, ఒప్పుకుందాం. ఆ ఏడాది నవంబరు 25న జరిగిన ఎన్నికల్లో ప్రజలు ఓటేసే 17 సీట్లలో ఆయన పార్టీకి 12 వచ్చాయి. ప్రధాని కుర్చీ ఎక్కింది మాత్రం లార్డ్ టుఇవాకానో. 2014లో 9 సీట్లే వచ్చాయి, ఈసారి పోహివా ప్రధాని! ఎక్కువొస్తే ఓటమి, తక్కువొస్తే గెలుపూనా? పోనీ 2017లో రాజు సభనే రద్దు చేసి పారేశాడు. ప్రజాస్వామ్యం వచ్చాక రాజుకి ఆ అధికారం ఎక్కడిది? తెలిసినవాళ్ళు విడమర్చి చెప్పండి, పైపైన నాలుగు ముక్కలు వద్దు.

లెక్కలమాస్టారు
సభలో ఉన్నవి 17 కాదు, 26. అక్కడే మొదలెట్టండి.

17 మందిని సామాన్య ప్రజలు ఎన్నుకుంటారు: టోంగాటాపు నుంచి 10, వవాఉ 3, హాపై 2, ఎఉవా 1, నియువా దీవులు 1. మిగతా 9 మందిని నోబుల్స్, అంటే బిరుదులున్న ప్రభువులు, తమలో తామే ఎన్నుకుంటారు. వంశపారంపర్య నోబుల్ బిరుదులు మొత్తం 33. కొందరి చేతిలో ఒకటికి మించి బిరుదులున్నాయి కాబట్టి ఓటర్లు ఇంకా తగ్గుతారు. అంటే ఒక చిన్న పెళ్ళి బస్సులో పట్టే జనానికి 9 సీట్లు, లక్ష జనాభా ఉన్న దేశానికి 17.

ప్రధానిని సభ రహస్య ఓటుతో ఎన్నుకుంటుంది. 26లో 14 రావాలి. నోబుల్స్ తొమ్మిదిమందీ ఒక్కమాట మీద ఉంటే వాళ్ళకి బయటినుంచి కావలసింది 5. అదే నోబుల్ ఒక్కడూ కలిసిరాకపోతే ప్రజాపక్షానికి 17లో 14 కావాలి, అంటే 82 శాతం సీట్లు. 2010లో పోహివాకి 12 ఉన్నాయి. పార్టీ బయట గెలిచిన స్వతంత్రులు ఎంతమంది? సరిగ్గా 5. డిసెంబరు 21న లెక్క తేలింది: 14–12.

చింతచిగురు
ఆ అయిదుగుర్నీ ఏ రిసార్టులో పెట్టారో 😄

లెక్కలమాస్టారు
@చింతచిగురు, దేశమే రిసార్టు కదా, వేరే అక్కర్లేదు. వాళ్ళేమీ ఫిరాయించలేదు లెండి. ఏ పార్టీ టికెట్టూ లేకుండా గెలిచినవాళ్ళు, ఎటైనా ఓటేయొచ్చు.

కోర్టుపక్షి
మాస్టారి లెక్క కరెక్టే. కానీ గోదారిగట్టు గారి ప్రశ్నకి అది సగం జవాబే. 12 సీట్లు కూడా ఎంత పెద్ద సంగతో తెలియాలంటే అంతకుముందు సభ ఎలా ఉండేదో చూడాలి.

2010కి ముందు ప్రజలకి 9 సీట్లు, నోబుల్స్‌కి 9. వీళ్ళు కాక రాజు నియమించిన మంత్రులూ, హాపై, వవాఉ గవర్నర్లూ హోదా రీత్యా సభలో కూర్చునేవారు. మంత్రుల్ని రాజే పెట్టుకునేవాడు, తీసేసేది కూడా ఆయనే. అందువల్ల ప్రజాప్రతినిధులు తొమ్మిదిమందీ ఏకమైనా ఏ బిల్లూ పాసయ్యేది కాదు, ఏ మంత్రీ పోయేవాడు కాదు. 1987లో టోంగాటాపు నుంచి గెలిచి పోహివా అడుగుపెట్టింది ఆ సభలోకి. అక్కడ ఓటుతో పని జరగదని ఆయనకి తెలుసు. అందుకే రెండు పనిముట్లు పట్టుకున్నాడు, కోర్టు ఒకటి, పత్రిక ఒకటి.

కోర్టు సంగతి: ఆయన మొదట టీచరు, విద్యాశాఖ ఉద్యోగి. రేడియోలో ఒక కార్యక్రమంలో ప్రభుత్వాన్ని విమర్శించాడని 1980ల మధ్యలో ఉద్యోగంలోంచి తీసేశారు. దావా వేశాడు, 1988లో గెలిచాడు. ఇక్కడ కీలకం 1875 రాజ్యాంగంలోని 7వ క్లాజు. వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం రెండూ అందులో స్పష్టంగా రాసి ఉన్నాయి. మొదటి జార్జ్ టుపౌ రాజు రాయించిన రాజ్యాంగాన్నే రాజరికం మీద అస్త్రంగా వాడుకున్నాడు పోహివా. ఆయన జీవితంలో నాకు నచ్చే భాగం ఇదే.

పత్రిక పేరు కెలెఅ. 1980ల్లో మొదలైన చిన్న పత్రిక. మంత్రుల భత్యాలు, ప్రయాణ ఖర్చులు అచ్చేసేది.

గోదారిగట్టు
@కోర్టుపక్షి పాస్‌పోర్టుల గొడవ కూడా ఆయనే బయటపెట్టాడంటారు, నిజమేనా?

కోర్టుపక్షి
ఆయన ఒక్కడే కాదు గానీ కోర్టుకి ఈడ్చింది ఆయనే. 1980ల్లో ప్రభుత్వం విదేశీయులకి టోంగా పాస్‌పోర్టులు అమ్మింది. కొన్నవాళ్ళలో హాంగ్‌కాంగ్ వాళ్ళే ఎక్కువ, ఇమెల్డా మార్కోస్ పేరు కూడా ఆ జాబితాలో ఉంది. పౌరసత్వం ఇచ్చిన తీరు రాజ్యాంగానికి విరుద్ధమని పోహివా 1989లో కేసు వేశాడు. ప్రభుత్వం ఏం చేసిందో చూడండి: తీర్పు కోసం ఆగలేదు, 1991లో ప్రత్యేక సమావేశం పెట్టి రాజ్యాంగాన్నే సవరించి పాత అమ్మకాలన్నిటినీ చట్టబద్ధం చేసేసింది. ఆ మార్చిలోనే రాజధాని నుకుఅలోఫా వీధుల్లో రాజప్రాసాదం దాకా ఊరేగింపు జరిగింది. క్యాథలిక్ బిషప్ పటెలిసియో ఫినౌ కూడా నడిచాడు అందులో. చర్చి మాట అంటే చెవికోసుకునే దేశంలో అది మామూలు విషయం కాదు.

నల్లకోడిపెట్ట
ఆ పాస్‌పోర్టు డబ్బేమైందో చెప్పకుండా వదిలేస్తే ఎలా! అసలు కథ అదే కదా.

అమ్మగా వచ్చిన డబ్బుని టోంగా ట్రస్ట్ ఫండ్ పేరుతో అమెరికాలో బ్యాంక్ ఆఫ్ అమెరికాలో పెట్టారు. అక్కడ పనిచేసే జెస్సీ బొగ్డనాఫ్ అనే సలహాదారు చేతికి ఆ వ్యవహారం వచ్చింది. రాజు నాలుగో టౌఫాహౌ టుపౌ అతణ్ణి 1999లో అధికారికంగా ఆస్థాన విదూషకుడిగా నియమించాడు. నిజంగానే, రాజముద్ర వేసిన ఉత్తర్వుతో! ఆ విదూషకుడు ఖజానా సొమ్ముని వేరేవాళ్ళ జీవిత బీమా పాలసీలు కొనే వ్యాపారంలో పెట్టించాడు. సుమారు 2.6 కోట్ల డాలర్లు గల్లంతు. 2001లో ట్రస్టీలుగా ఉన్న మంత్రులు ఇద్దరు రాజీనామా చెయ్యాల్సి వచ్చింది.

చింతచిగురు
మన తెనాలి రామకృష్ణుడు ఎంత అల్లరి చేసినా రాయలవారి ఖజానా జోలికి పోలేదు పాపం.

పసిఫిక్‌పిచ్చి
జైలు సంగతి ఎవరూ ఎత్తలేదు. 1996లో న్యాయమంత్రి మీద అభిశంసన తీర్మానానికి నోటీసు తయారైంది. అనుమతి లేకుండా అట్లాంటా ఒలింపిక్స్‌కి వెళ్ళాడన్నది ఆరోపణ. సభలో ప్రవేశపెట్టకముందే ఆ నోటీసు 'టైమీ ఓ టోంగా' పత్రికలో అచ్చయింది. సభాధిక్కారం అంటూ పోహివాకీ, ఎడిటర్ కలాఫి మోఆలాకీ, డిప్యూటీ ఎడిటర్ ఫిలోకలాఫి అకాఉఓలాకీ సభే 30 రోజుల జైలు వేసింది. రాజ్యాంగం 70వ క్లాజు ప్రకారం సభ వెయ్యగలిగే గరిష్ఠ శిక్ష అంతే. 26 రోజులయ్యాక సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ విడుదల చేయించాడు. విచారణ జరిపిన పద్ధతే చెల్లదన్నాడు.

2002లో ఇంకోటి. రాజుకి విదేశాల్లో 35 కోట్ల డాలర్ల రహస్య ఖాతా ఉందంటూ ఒక ఉత్తరాన్ని కెలెఅ అచ్చేసింది. రాజద్రోహం కేసు పెట్టారు. 2003లో జ్యూరీ నిర్దోషి అని తేల్చింది.

వేపపుల్ల
ఇంతసేపూ భజనే నడుస్తోంది. నాదో ప్రశ్న. ఆ ఉత్తరం నిజమైనదేనా? నకిలీ అని ప్రభుత్వం మొదటినుంచీ చెప్పింది. జ్యూరీ వదిలేసింది అంటే ఉత్తరం నిజమని కాదు కదా. చేతికొచ్చింది అచ్చేసి తర్వాత కోర్టులో చూసుకుందాం అనే అలవాటు ఆయనకి ఉంది. 2006 నవంబరు 16 దానికి పరాకాష్ఠ. ఎనిమిది మంది చచ్చిపోయారు, నుకుఅలోఫా వ్యాపార కేంద్రంలో చాలాభాగం బూడిదయింది.

పసిఫిక్‌పిచ్చి
@వేపపుల్ల, ఉత్తరం విషయంలో మీరన్నది ఒప్పుకుంటా. రాజద్రోహం కాదని తేలింది, ఉత్తరం అసలుదని తేలలేదు. కానీ నవంబరు 16ని మొత్తం ఆయన నెత్తిన పెట్టడం అన్యాయం.

క్రమం చూడండి. 2005లో ప్రభుత్వోద్యోగులు ఆరు వారాలు సమ్మె చేశారు. 2006 ఫిబ్రవరిలో రాజుగారి చిన్నకొడుకు ప్రధాని పదవికి రాజీనామా చేశాడు (ఇప్పటి రాజు ఆరో టుపౌ ఆయనే). మార్చిలో ఫెలెటి సెవెలే అనే సామాన్యుణ్ణి రాజు ప్రధానిని చేశాడు. సంస్కరణల కమిటీకి నాయకత్వం వహించిన రాజవంశీకుడు టుఇపెలెహాకే జులైలో కాలిఫోర్నియాలో కారు ప్రమాదంలో పోయాడు. సెప్టెంబరు 10న ముసలి రాజు పోయాడు. కమిటీ నివేదిక సభకొచ్చింది. నవంబరు 16న ఏ నిర్ణయమూ చెయ్యకుండా సభ వాయిదా పడబోతోందని బయట జనానికి అర్థమైంది. మంటలు అప్పుడు లేచాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ సైనికులు దిగాల్సొచ్చింది.

పోహివాతో పాటు ఇంకొందరు ప్రతినిధుల మీద రాజద్రోహం కేసులు పెట్టారు. కోర్టులో నిలబడలేదు. 2008 ఏప్రిల్ ఎన్నికల్లో 11,290 ఓట్లతో టోంగాటాపులో మొదటి స్థానం.

వేపపుల్ల
కోర్టులో నిలబడకపోవడం వేరు, నైతిక బాధ్యత వేరు. సభ బయట రోజుల తరబడి జనాన్ని పోగేసి మైకులో రెచ్చగొట్టిన వేదిక ఎవరిది? అందులో ఆయన పక్షం వాళ్ళు లేరా? చైనీయుల కొట్లు వెతికి వెతికి తగలబెట్టారు. తర్వాత ఊరు తిరిగి కట్టడానికి చైనా ఎగ్జిమ్ బ్యాంకు దగ్గర అప్పు తెచ్చారు. ఆ అప్పు మాఫీ చెయ్యమని పసిఫిక్ దేశాలన్నీ కలిసి చైనాని అడగాలని 2018లో ప్రధాని హోదాలో అన్నదీ పోహివాయే, కొద్దిరోజులకే మాట వెనక్కి తీసుకున్నదీ ఆయనే. తగలబెట్టినవాళ్ళ పక్షమే వడ్డీ లెక్కలు చూసుకోవాల్సి వచ్చింది.

లెక్కలమాస్టారు
11,290 అంకె గురించి ఒక చిన్న హెచ్చరిక. దాన్ని 2010 తర్వాతి ఓట్లతో పోల్చకండి. అప్పట్లో టోంగాటాపు అంతా ఒకే నియోజకవర్గం, మూడు సీట్లు, ఓటరుకి మూడు ఓట్లు. 2010 నుంచి పది ఏకసభ్య నియోజకవర్గాలు. పోహివాది టోంగాటాపు 1. ఓట్లు వేలనుంచి వందల్లోకి దిగినట్టు కనిపిస్తే ఆదరణ తగ్గిందని అనుకుంటారు, గిన్నె చిన్నదైంది అంతే.

ఇంకోటి. ఆ సంస్కరణల కమిటీ నివేదికలో ఉన్నది ప్రజలకి 17, నోబుల్స్‌కి 9, అంటే 17+9. పోహివా వర్గం సభలో అడిగింది 21+9. 21+9 అయితే సభ 30, మెజారిటీ 16. నోబుల్స్‌కి బయటినుంచి ఏడుగురు కావాలి. చివరికి చట్టమైంది 17+9. ఆ నాలుగు సీట్ల తేడాయే 2010 డిసెంబరులో ఆయన్ని ప్రధాని కాకుండా ఆపిందని నా నమ్మకం.

గోదారిగట్టు
ఇప్పుడు కొంచెం దారి కనిపిస్తోంది. అయితే 2011లో ఆరోగ్యమంత్రి పదవి తీసుకుని వెంటనే వదిలేశాడట, ఎందుకు?

నల్లకోడిపెట్ట
టుఇవాకానో ఇచ్చాడు, జనవరి మొదట్లో తీసుకున్నాడు, నెల సగం కాకుండానే వదిలేశాడు. రెండు కారణాలు. ఒకటి, కేబినెట్‌లో ఉండేవాళ్ళు ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వెయ్యబోమని సంతకం పెట్టాలన్నారు. రెండు, ఎన్నిక కానివాళ్ళని బయటినుంచి మంత్రులుగా తెచ్చారు. కొత్త రాజ్యాంగం ప్రకారం బయటివాళ్ళని నలుగురి దాకా పెట్టుకోవచ్చు. 12 సీట్లు గెలిచిన పార్టీలో మనుషులు ఉండగా బయటినుంచి ఎందుకన్నది ఆయన అభ్యంతరం. న్యాయమే.

వేపపుల్ల
న్యాయమే, కానీ రాజకీయంగా తెలివితక్కువ. కేబినెట్ సమష్టి బాధ్యత అనేది ఎక్కడైనా ఉండేదే. తను ప్రధాని అయ్యాక చేసిందేంటి? 2017 ఫిబ్రవరి అవిశ్వాసంలో తటస్థంగా ఉన్నాడని ఆర్థికమంత్రి ఐసాకే ఎకేని పంపించేశాడు. సంతకం అడగలేదు, అంతే తేడా.

లెక్కలమాస్టారు
అవిశ్వాసం మాట వచ్చింది కాబట్టి రూలు చెప్తా. ఇది తెలియకపోతే 2017 రద్దు అర్థం కాదు. రాజ్యాంగం 50బి క్లాజు. ఎన్నికలైన 18 నెలల దాకా అవిశ్వాసం పెట్టకూడదు. తర్వాతి ఎన్నికల గడువుకి ముందు 6 నెలల్లో పెట్టకూడదు. ఒకసారి ఓటింగు జరిగితే మళ్ళీ 12 నెలలు పెట్టకూడదు. నోటీసు కనీసం అయిదు పనిదినాలు.

2010 నవంబరుకి 18 నెలలు కలపండి, 2012 మే చివర. పోహివా పక్షం తీర్మానం పెట్టింది ఎప్పుడు? 2012 జూన్! తలుపు తెరుచుకోగానే దూరారు. ఓటింగు అక్టోబరు దాకా సాగదీసి 13–11తో ఓడించారు. 24 ఓట్లే ఏంటని అడుగుతారేమో: 26లో స్పీకరు ఓటెయ్యడు, ఇంకో ఓటు పడలేదు. పైగా స్పీకరు నోబుల్స్ ప్రతినిధుల్లోంచే రావాలి.

ఇప్పుడు అదే లెక్క పోహివా ప్రభుత్వానికి వెయ్యండి. 2014 నవంబరు 27 ఎన్నిక. 2017 ఫిబ్రవరిలో ఆయన మీద అవిశ్వాసం, 14–10తో వీగిపోయింది. ఇక 2018 ఫిబ్రవరి దాకా ఇంకోటి పెట్టే వీల్లేదు. 2018 నవంబరు గడువు కాబట్టి మే నుంచి మళ్ళీ తలుపు మూత. మిగిలిన సందు మూడు నెలలు. ప్రత్యర్థులకి సభలో దారి లేదు. ఉన్నది రాజు ఒక్కడే.

కోర్టుపక్షి
అద్దీ. గోదారిగట్టు గారూ, మీ మూడో ప్రశ్నకి జవాబు 77వ క్లాజు. రాజు తన ఇష్టప్రకారం ఎప్పుడైనా సభని రద్దు చెయ్యొచ్చు. 2010 సవరణల తర్వాత కూడా ఈ అధికారం అలాగే ఉంది. బిల్లులకి ఆమోదం నిరాకరించే హక్కు కూడా రాజు దగ్గరే ఉండిపోయింది. న్యాయమూర్తుల నియామకం ప్రీవీ కౌన్సిల్ (రాజుగారి సలహామండలి) చేతిలో ఉంది. కార్యనిర్వాహక అధికారం కేబినెట్‌కి వచ్చింది నిజమే, తాళాలు కొన్ని రాజభవనంలోనే ఉన్నాయి.

2017 ఆగస్టులో స్పీకరు లార్డ్ టుఇవాకానో (అవును, 2010లో ప్రధాని అయిన ఆయనే) రాజుకి సలహా ఇచ్చాడు, రాజు రద్దు చేశాడు. చెప్పిన కారణాల్లో ముఖ్యమైనవి: నియామకాల్లో ప్రీవీ కౌన్సిల్ పాత్ర తీసేసే బిల్లులు తెచ్చారనీ, రాజు ఆమోదం లేకుండా పేసర్ ప్లస్ వాణిజ్య ఒప్పందం మీద సంతకం చేశారనీ. 2015లో స్త్రీల హక్కుల అంతర్జాతీయ ఒడంబడికని ఆమోదిద్దామన్నప్పుడూ ఇదే గొడవ. చర్చిలు వీధికెక్కాయి, ఒప్పందాలు చేసే అధికారం రాజుదని ప్రీవీ కౌన్సిల్ అడ్డం చెప్పింది, ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

సముద్రపుగాలి
రద్దు చేసి ఏం సాధించారు? నవంబరు 16న ఎన్నిక పెడితే 17కి 14 గెలిచాడు. మాస్టారు చెప్పిన ఆ 14! నోబుల్స్ మొహం చూడక్కర్లేని అంకె. డిసెంబరు 18న ప్రధాని ఓటింగులో సియావోసి సోవలేని మీద 14–12.

చింతచిగురు
నవంబరు 16 అంటే అల్లర్లు జరిగిన తేదీయే కదా. ముహూర్తం పెట్టిన పంతులెవరో.

గోదారిగట్టు
2014 సంగతి మిగిలిపోయింది. 9 మందితో ఎలా?

సముద్రపుగాలి
9 తనవి, మిగతా 6 బయటివి. ఈసారి స్వతంత్రుల్ని ముందే కలుపుకున్నాడు, 2010 పాఠం అది. డిసెంబరు 29న సామియు వైపులు మీద 15–11. కేబినెట్‌లోకి ఒకే ఒక్క నోబుల్‌ని తీసుకున్నాడు, లార్డ్ మాఫు. సోవలేనిని ఉపప్రధానిని చేశాడు, ఎకేకి ఆర్థికశాఖ. అంటే 2010లో అటు పోయిన రకం ఓట్లు 2014లో ఇటు వచ్చాయి. సీట్ల సంఖ్య కాదు, ఆ అయిదారుగురు ఎటన్నదే లెక్క.

ఒక సవరణ కూడా: 'తొలి సామాన్య ప్రధాని' అని రాస్తుంటారు, తప్పు. సెవెలే 2006లోనే అయ్యాడు. ఆ మాటకొస్తే 1880ల్లో షర్లీ బేకర్ అనే ఇంగ్లీషు మిషనరీ ప్రధానిగా వెలగబెట్టాడు. పోహివా ప్రత్యేకత ఏంటంటే, రాజు నియమించగా కాక సభ ఓటుతో గెలిచిన తొలి సామాన్యుడు.

వేపపుల్ల
గెలిచాక పాలన గురించి మాట్లాడరేం? 2019 పసిఫిక్ క్రీడలు నిర్వహిస్తామని మాటిచ్చి 2017లో చేతులెత్తేశారు, చివరికి సమోవాలో జరిగాయి. కొడుకుని వ్యక్తిగత సహాయకుడిగా పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్ళు పత్రికా స్వేచ్ఛ కోసం కొట్లాడి జైలుకి కూడా వెళ్ళినవాడు ప్రభుత్వ రేడియో వాళ్ళు ఇబ్బందిపెట్టే ప్రశ్నలడిగితే సహించలేకపోయాడు. ప్రతిపక్షంలో నేర్చుకున్న విద్యలు కుర్చీలో పనికిరాలేదు.

పసిఫిక్‌పిచ్చి
కొడుకు సంగతీ రేడియో సంగతీ సమర్థించను. క్రీడల విషయంలో మాత్రం ఆయనదే సరైన నిర్ణయం. లక్షమంది జనాభాకి ఆ స్టేడియాల ఖర్చు మోసే శక్తి లేదు. 2018 ఫిబ్రవరిలో గీతా తుఫాను వచ్చి పాత పార్లమెంటు భవనాన్నే నేలమట్టం చేసింది. స్టేడియాలకి అప్పు తెచ్చి ఉంటే అప్పుడు ఏం పెట్టి ఇళ్ళు కట్టేవారు?

బయట ఆయనకున్న పేరు వేరు. పశ్చిమ పపువా జనం తరఫున ఐక్యరాజ్య సమితిలో 2015లోనే గొంతెత్తాడు, చాలా పెద్ద దేశాలు నోరు మెదపని విషయం అది. 2019 ఆగస్టులో టువాలులో జరిగిన పసిఫిక్ దేశాల సమావేశంలో వాతావరణ మార్పు చర్చలో కంటతడి పెట్టాడు. అప్పటికే ఆరోగ్యం బాగా పాడైంది. సెప్టెంబరు 12న ఆక్లాండ్ ఆసుపత్రిలో పోయాడు. 78 ఏళ్ళు. 1987 నుంచి ఒక్క ఎన్నికా ఓడలేదు.

గోదారిగట్టు
ఆయన పోయాక ఆ 14 మంది ఏమయ్యారు? పార్టీ చేతిలోనే మెజారిటీ ఉంది కదా, వారసుడు సులువుగా అయ్యుండాలి.

లెక్కలమాస్టారు
అవ్వలేదు. ఉపప్రధాని సెమిసి సికా తాత్కాలికంగా బండి నడిపాడు, పార్టీ అతణ్ణే నిలబెట్టింది. ఆర్థికమంత్రి పోహివా టుఇఒనెటోవా (పేరు చూసి కొడుకనుకోకండి, చుట్టరికం కాదు, అసలు పేరే అది) మరికొందరితో బయటికొచ్చి నోబుల్స్‌తో కలిశాడు. ఓటింగులో 15–8. ఫిరాయింపు నిరోధక చట్టం లాంటిది అక్కడ లేదు. పార్టీ మారితే సీటు పోదు.

చింతచిగురు
మనకి ఉండి మాత్రం ఏం ఊడింది.

సముద్రపుగాలి
ఆ తర్వాత 2021 డిసెంబరులో సోవలేని 16–10తో ప్రధాని, ఓడింది ఎకే. 2024 డిసెంబరులో అవిశ్వాసం ఓటుకి రాబోతుంటే సోవలేని రాజీనామా, అదే నెల్లో ఎకే 16–8తో ఎన్నిక. ఇద్దరూ పోహివా 2014 కేబినెట్ వాళ్ళే. ఆయన పార్టీ ముక్కలైంది గానీ కేబినెట్ మాత్రం పదేళ్ళు ప్రధానుల్ని సరఫరా చేసింది.

వేపపుల్ల
ఆ రెండు ఓటింగుల్లోనూ నోబుల్స్ ఎటున్నారో చూసి ఆ మాట అనండి. 9 సీట్లు ఇప్పటికీ 9 సీట్లే.

కోర్టుపక్షి
77వ క్లాజు కూడా అక్కడే ఉంది.